ముప్పై ఏడవ అంశం

ఆ సోమవారం ఉదయం తీర్మానాల గుమాస్తా వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరడం. పదకొండింటికి జరిగే నగర మండలి సమావేశానికి అజెండా కాగితాలు కుట్టి సభ్యుల బల్లల మీద పెట్టడం. ఈ రెండింటికీ మధ్య వీలు చూసుకుని, భార్యకు ఉత్తరం రాసి వీధి మలుపులో ఉన్న పోస్టు డబ్బాలో వేయడం. మొదటి రెండూ ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నవే. మూడోది జీవితంలో మొదటిసారి.

భార్య వాళ్ల అక్కగారింటికి వెళ్లి ఆ రోజుకి నూట పన్నెండు రోజులు. వెళ్లింది పది రోజులకని. అక్కగారికి మోకాలి ఆపరేషన్ అయింది, తోడుండాలంది. ఆ మోకాలు నెల తిరక్కుండానే బాగుపడి, ఆవిడ మేడ మెట్లు ఎక్కి దిగుతోందని కూడా కబురందింది. ఈవిడ మాత్రం రాలేదు. పోనీ గొడవ పడి వెళ్లిందా అంటే అదీ లేదు. గొడవైతే దానికొక మొదలూ చివరా ఉండేవి, ఎక్కడో ఒకచోట పట్టుకుని సర్దుకునేవాళ్లు. వెళ్లేరోజు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఒక్క మాట అంది. "ఇన్నేళ్లూ నేను చెప్పినవన్నీ మీరు విన్నట్టు భావించారండీ. వినలేదు."

ఆవిడ చెప్పినవి పెద్ద కోరికలేం కావు. తొమ్మిదేళ్ల కిందట ఇంటికి రంగులు వేయించినప్పుడు వంటింటి కిటికీ రెక్కలు అతుక్కుపోయాయి, తెరిపించమంది. దాని కింద ఇద్దరు కూర్చునే బల్ల ఒకటి వేయించమంది. సాయంత్రాలు తనతో నది మెట్ల దాకా నడిచి రమ్మంది. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం" అన్నాడు. ఆఫీసు భాషలో ఆ మాటకు "పరిశీలనలో ఉన్నది" అని అర్థం. పరిశీలనలో ఉన్నదంటే ఏమిటో ఆయనకన్నా బాగా తెలిసినవాడు ఆ భవనంలో లేడు.

ఆవిడ లేని ఇల్లు ఆయనకి బొత్తిగా అలవాటు కాలేదు. పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసేవాడు. ఒకదానిలో టీ పోసుకుని తాగేవాడు, రెండూ కడిగి బోర్లించేవాడు. పక్కింటివాళ్ల గేటు చప్పుడైతే లేచి నిలబడేవాడు. ఆవిడంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఆయనకి తెలుసుగానీ ఆవిడకి తెలుసో లేదో ఎన్నడూ కనుక్కోలేదు. ఫోన్లో మాట్లాడుకుంటే గ్యాసు అయిందా, కరెంటు బిల్లు వచ్చిందా, ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఊరుకోవడం, పెట్టేయడం. చివరికి మొన్న ఆదివారం గుండె చిక్కబట్టుకుని, "అంతా ఉత్తరంలో రాస్తున్నాను. అది చదివి, రావాలో వద్దో నువ్వే తేల్చుకో" అన్నాడు.

"సరే. చదివే తేల్చుకుంటా" అంది ఆవిడ.

ఆ ఉత్తరాన్ని నెల్లాళ్లుగా రాస్తూనే ఉన్నాడు. చేత్తో ఒక తెల్లకాగితం మీద "నీకు," అని రాశాడు. అక్కడ ఆగిపోయాడు. ఆ కామా తర్వాత ఏం రావాలో ఆయనకి తోచలేదు. ఆ సోమవారం ఉదయం ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, పైన "విషయం" అని కొట్టాడు. అంతే, గండి పడ్డ చెరువులా మిగతాదంతా పన్నెండు నిమిషాల్లో వచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ వేళ్లకి తెలిసిన భాష అదొక్కటే మరి.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు రొప్పుకుంటూ వచ్చాడు. ఈ ఇంజనీరు మంచివాడే కానీ ప్రతి ఏడూ బడ్జెట్టు గడువు ముగిసే నెలలో మనిషి మనిషిలా ఉండడు. నెలాఖరులోగా ఖర్చుకాని నిధులు మురిగిపోతాయి. ఏడాదంతా నిద్రపోయిన పనులన్నీ ఆ పదిహేను రోజుల్లో లేచి కూర్చుంటాయి.

"గురువుగారూ, ఆఖరి నిమిషంలో ఒక్క అంశం. పాత సామాను వేలం. మీరు కాస్త కొట్టి పెట్టారంటే మీ రుణం ఉంచుకోను."

"అజెండా అయిపోయిందయ్యా. ముప్పై ఆరు అంశాలు."

"ముప్పై ఏడు చేయండి సార్. ఎవరు లెక్కపెడతారు?"

గుమాస్తా అదీ కొట్టాడు. ప్రింటరులోంచి రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకే రకం కాగితం, ఒకే అక్షరాలు, రెండింటికీ పైన "విషయం" అనే మొదలు. అజెండాలో ప్రతి పేజీ కిందా గుమాస్తా సంతకం, ఆఫీసు సీలు ఉండాలని నియమం. చేతికి అలవాటైన పని గనక రెండింటి మీదా సంతకం గీకి సీలు కొట్టేశాడు. పైకాగితాన్ని "నీకు," అన్న కాగితంతో కలిపి మడిచి కవరులో పెట్టాడు. అడుగుదాని మీద ఎర్ర సిరాతో ముప్పై ఏడు అని వేసి అజెండాలో కుట్టాడు. పదిన్నరకి వీధి మలుపుదాకా వెళ్లి, కవరు డబ్బాలో వేసి, అది అడుగున పడిన చప్పుడు విని మరీ వచ్చాడు.

పదకొండింటికి సమావేశం మొదలైంది. అధ్యక్షురాలు మేయరమ్మ. ఒకప్పుడు హైస్కూలు ప్రధానోపాధ్యాయిని. అప్పటి గంటనే ఇప్పుడూ బల్ల మీద పెట్టుకుంటుంది. మండలిలో ఒక ఆచారముంది. మొదటి మూడు అంశాల మీద సభ్యులు రెండు గంటలు తిట్టుకుంటారు. ఈలోగా భోజనాల వేళవుతుంది. అప్పుడు మేయరమ్మ గంట కొట్టి, "నాలుగు నుంచి చివరి వరకు చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది" అంటుంది. సభ్యులు బల్లలు చరుస్తారు. ఊళ్లో కాలువలు, దీపాలు, రోడ్లు, చీపుర్లు, శ్మశానం గోడ, అన్నీ ఆ ఒక్క వాక్యంలో తెమిలిపోతాయి.

దీనికి అడ్డుపడగలిగినవాడు ఒక్కడే. ప్రతిదానికీ లేచి నిలబడతాడు కాబట్టి ఆయన్ని అందరూ "అభ్యంతరంగారు" అంటారు. ఎవరైనా నమస్కారం పెడితే అది ఏ నియమం కింద అని అడిగే రకం. అలాంటి మనిషి ఆ రోజు ఉదయమే పన్ను పీకించుకుని, బుగ్గలో దూది పెట్టుకుని వచ్చాడు. గంట మోగినప్పుడు లేవబోయి, బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. దాంతో ముప్పై నాలుగు అంశాలు ఒక్క గుక్కలో గట్టెక్కాయి.

మధ్యాహ్నం మూడింటికి గుమాస్తా మినిట్స్ పుస్తకం తెరిచి, ఒక్కో అంశం చూసి ఎదురుగా "ఆమోదించడమైనది" అని రాసుకుంటూ పోతున్నాడు. ముప్పై ఏడు దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు.

"విషయం: దీర్ఘకాలంగా మూసుకుపోయి ఉన్న కిటికీని తెరిపించుట, దాని కింద ఇద్దరు కూర్చొనుటకు వీలుగా బల్ల వేయించుట, ప్రతి సాయంత్రం నది మెట్ల వరకు కాలినడకన వెళ్లి వచ్చుట గురించి. సూచిక: ఒకటి, తమరు తొమ్మిదేళ్లుగా మౌఖికంగా చేసిన విన్నపాలు. రెండు, గత నూట పన్నెండు రోజుల తమ మౌనం."

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. తన ఉత్తరాన్ని నగర మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. అది సిగ్గుచేటే కానీ, సిగ్గుతో ఎవరూ చావరు. ఆ వెనకాలే అసలు సంగతి తట్టింది. మరి కవరులో వెళ్లిందేమిటి?

తాను కొట్టిందే గనక అక్షరం అక్షరం గుర్తుంది. "విషయం: ఇరవై ఆరేళ్ల వాడకంలో అరిగిపోయి, అతిగా శబ్దం చేయుచు, మరమ్మతుకు వీలులేని స్థితిలో స్థలం ఆక్రమించుకొని ఉన్న పాతదానిని వేలం వేసి, దాని స్థానంలో కొత్తది తెచ్చుకొనుటకు అనుమతి గురించి." హడావుడిలో ఏకవచనంలో కొట్టేశాడు గానీ, ఆ వేలం వేసేవి ఆఫీసులోని పాత ఫ్యాన్లని రాసిన జాబితా వేరే కాగితంలో, ఇంజనీరు దగ్గరుంది. గుమాస్తాకి పెళ్లయి కూడా ఆ ఏటికి సరిగ్గా ఇరవై ఆరేళ్లు.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాడు. డబ్బా మీద "తీయు సమయం: ఒంటిగంట" అని రాసి ఉంది. ఏడాదిలో ఏ రోజూ తపాలావాళ్లు ఆ టైముకి రారు. ఆ రోజు వచ్చారు.

మర్నాడు పొద్దున్నే మేయరమ్మ గదికి వెళ్లాడు. చేసిన తప్పు ఒప్పేసుకుని, తన కాగితం తను తెచ్చేసుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్లి దాన్ని స్వయంగా ఆవిడ చేతిలో పెట్టాలని ఆయన ఉద్దేశం. మేయరమ్మ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆ కాగితమే చదువుతోంది. చదవడమంటే విషయం, సూచికల వరకే; వాటిని దాటి కిందికి చదివే అలవాటు ఆ భవనంలో ఎవరికీ లేదు.

"అమ్మా, ఆ ముప్పై ఏడవ అంశం... అది నాదండి."

"తెలుసండీ. ఈ ఆఫీసులో ఇంత శుభ్రంగా రాసేవాళ్లు ఇంకెవరున్నారు?"

"అది కాదమ్మా. అది నా సొంతం."

"సొంతం అనుకుని చేసేవాళ్లే కావాలి నాకు. ఇదిగో, 'ఇద్దరు కూర్చొనుటకు వీలుగా' అన్నారు చూశారూ, ఆ ముక్క నాకు నచ్చింది. మావారు ఉన్న రోజుల్లో..." అని ఆగి, మేయరమ్మ కాసేపు కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా గంట కొట్టింది. "అమలు చేయించండి."

"రద్దు చేయడానికి వీల్లేదామ్మా?"

"ఆమోదించిన తీర్మానాన్ని మూడు నెలల దాకా రద్దు చేయకూడదని మీరేగా నాకు నేర్పింది?"

నేర్పింది ఆయనే. సెలవు అడిగాడు. బడ్జెట్టు నెలలో సెలవుల్లేవన్న ఉత్తర్వు మీద కూడా ఆయన సంతకమే ఉంది. మింగలేక కక్కలేక బయటికొచ్చేసరికి గుమ్మంలో ఇంజనీరు వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు.

"నా వేలం అంశం ఎటు పోయిందో గానీ, ఇది మాత్రం బంగారం లాంటి అంశం సార్! కిటికీ, బల్ల, రెండూ నెలాఖరులోపు అయిపోయే పనులే. కానీ ఏ కిటికీయో, ఎక్కడో రాయలేదేమండీ?"

రాయలేదు. భార్యకు రాసే ఉత్తరంలో వంటింటి చిరునామా ఎవరు రాస్తారు? ఇంజనీరు నోరు ఊరుకునేది కాదు గనక మధ్యాహ్నానికి సంగతి సభ్యులందరికీ పాకింది. చేపల మార్కెట్టు వార్డు సభ్యుడు, తొమ్మిదేళ్లుగా విన్నపాలు చేస్తున్నది తన వార్డేనన్నాడు. బస్టాండు వార్డు సభ్యురాలు తమవి పదకొండేళ్ల విన్నపాలని, కావాలంటే రసీదులు చూపిస్తానని వచ్చింది. అభ్యంతరంగారికి ఇంకా మాట రావడం లేదు. "ఇద్దరికే ఎందుకు? ముగ్గురికి ఎందుకు కాదు?" అని చీటీ రాసి పంపాడు.

మేయరమ్మ అందరికీ ఒకటే చెప్పింది. ఏ వార్డుకీ వద్దు, ఈ ఆఫీసు కిటికీయే తెరిపించమంది. తీర్మానాల గుమాస్తా బల్ల పక్కన గోడకి ఒక కిటికీ ఉండేది. ఎప్పటివో రంగులు పేరుకుని, అది కిటికీ అన్న సంగతే జనం మర్చిపోయారు. బుధవారం వడ్రంగులు వచ్చి, ఉలితో అంచులు గీకి, సుత్తితో మూడు దెబ్బలు వేసేసరికి రెక్కలు కిర్రుమని విడిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్న చోటునుంచే గుమాస్తాకి మొదటిసారి నది కనిపించింది. నది, మెట్లు, ఆ మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్న ఎవరో ఇద్దరు ముసలివాళ్లు. ఆయన ఆ మధ్యాహ్నమంతా ఒక్క కాగితం కూడా ముట్టుకోలేదు.

గురువారం బల్ల వచ్చింది. మొదటి రోజే ఇంజనీరుకీ టైపిస్టుకీ తగాదా అయింది. టైపిస్టు టీ కప్పు పట్టుకుని దాని మీద ఒక్కతే కూర్చుంది.

"లేవండి మేడం, లేవండి! ఇద్దరు కూర్చొనుటకు అని తీర్మానం. ఒక్కరే కూర్చుంటే రేపు ఆడిట్‌లో నేను చెప్పుకోవాలి."

"అయితే మీరూ కూర్చోండి."

ఇంజనీరు ఎర్రబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. ఖాళీ బల్లని చూసినప్పుడల్లా గుమాస్తాకి ఇంటి దగ్గర బోర్లించిన రెండో కప్పు గుర్తొచ్చేది.

మిగిలింది నడక. రోజూ సాయంత్రం నది మెట్ల దాకా నడిచి రావడం ఏ పద్దు కింద వేయాలో ఎవరికీ తెలియలేదు. చివరికి ఇంజనీరే వీధి దీపాల తనిఖీ కింద వేసి, నడవడానికి ఇద్దరు మనుషులు కావాలని నోటీసు బోర్డులో పెట్టాడు. రెండు రోజుల్లో పదకొండు అర్జీలు వచ్చాయి. పదకొండూ ఒంటరివాళ్లవే. రెండో మనిషిని ఆఫీసే సమకూర్చాలని కోరారు. గుమాస్తా వాటికి నంబర్లు వేస్తూ, పన్నెండోది తనే రాసుకుంటే బాగుంటుందేమో అనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే అక్కగారు ఎత్తింది.

"వదినా, ఉత్తరం అందిందా?"

"నిన్ననే అందింది మరిదిగారూ. చదివి మడిచి పెట్టుకుంది. ఇప్పుడు పెట్టె సర్దుతోంది."

"వచ్చేస్తోందా?" ఆయన లేచి నిలబడ్డాడు.

"వస్తోంది. వేలం ఏ రోజో కనుక్కోమంది."

"అయ్యో వదినా, అది నా ఉత్తరం కాదండీ!"

"సంతకం మీదేగా? పైగా ఆఫీసు సీలొకటి! ఇరవై ఆరేళ్లు కాపురం చేసినదాన్ని అరిగిపోయింది, శబ్దం చేస్తోంది అని సీలు వేసి మరీ పంపిస్తారా ఎవరైనా? ఇంతకీ ఆ కొత్తది ఎవరట?"

"కొత్తవి ఫ్యాన్లండీ!"

"ఫ్యానులా?" అంది వదినగారు, ఆయనకి మతి పోయిందని నిర్ధారణ చేసుకుంటున్న గొంతుతో. "చూడండి, మీరు రావద్దంది. సోమవారం తనే ఆఫీసుకొస్తుందట. తన అభ్యంతరం పదిమందిలో చెప్పి, తాళంచెవి మీ చేతిలో పెట్టి వచ్చేస్తుందట" అని పెట్టేసింది.

ఆ శని, ఆదివారాలు ఆయన ఇంట్లో గది నుంచి గదికి తిరుగుతూనే గడిపాడు. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా మూసుకున్న కిటికీ ఎదురయ్యేది. సుత్తి తీసుకుని ఒకసారి దాని ముందు నిలబడ్డాడు కూడా. ఎవరి కోసం తెరవాలి? వెళ్లిపోయేదాని కోసమా? సుత్తి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

సోమవారం మండలి ఆ తెరిచిన కిటికీ ఉన్న గదిలోనే ప్రత్యేకంగా కూర్చుంది. నగర మండలి ఏ కట్టడం చేసినా జనం అభ్యంతరాలు వినాలని చట్టం. అభ్యంతరాలు విన్నాక పని మొదలుపెడితే నెలాఖరు దాటిపోతుంది గనక, పని పూర్తిచేసి అభ్యంతరాలు వినడం అక్కడి పద్ధతి. మామూలుగా ఎవరూ రారు. మేయరమ్మ గంట కొట్టి, "ముప్పై ఏడవ అంశం మీద ఎవరికైనా అభ్యంతరమా? లేదు కాబట్టి..." అంటూండగానే వెనక తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"నాకుంది."

గుమాస్తా తల ఎత్తకుండానే కలం కింద పడేసుకున్నాడు. నూట పంతొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు గోడకవతల కాదు, ఫోన్లో కాదు, అదే గదిలో వినిపించింది. ఆవిడ చేతిలో పెట్టె, జుట్టు బస్సు గాలికి రేగి ఉంది. కాస్త చిక్కింది. పరుగెత్తుకెళ్లి ఆ పెట్టె అందుకోవాలని ఆయనకి ఎంత అనిపించిందో చెప్పలేం. కానీ సమావేశం నడుస్తుండగా మినిట్స్ రాసే మనిషి కుర్చీలోంచి లేవకూడదు.

"తమరెవరమ్మా?" అంది మేయరమ్మ.

"నేనా? ఇరవై ఆరేళ్ల వాడకంలో అరిగిపోయినదాన్ని." చేతిసంచీలోంచి కాగితం తీసింది. "అతిగా శబ్దం చేస్తానట. మరమ్మతుకి వీల్లేదట. స్థలం ఆక్రమించుకుని ఉన్నానట. నన్ను వేలం వేసి కొత్తది తెచ్చుకోవడానికి మీరంతా అనుమతి ఇచ్చారట. ఇచ్చేముందు ఒక్కరైనా చదివారా అండీ?"

సభ్యులు అజెండా కాగితాలు తిరగేయసాగారు. ఎవరూ చదవలేదు మరి. ఇంజనీరు మాత్రం కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అది నా కాగితం! వారం రోజుల్నుంచి వెతుకుతున్నాను! అమ్మా, అవి ఫ్యాన్లమ్మా, పద్నాలుగు ఫ్యాన్లు! ఇదిగో జాబితా!"

ఆవిడ జాబితా చూసింది. కాగితం చూసింది. అప్పుడు గుమాస్తా వంక చూసింది. "మరి నాకు రాసిందేదండీ?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. "అది... వీళ్లంతా ఆమోదించేశారు" అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

మేయరమ్మ ముప్పై ఏడవ అంశాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ వంక, బల్ల వంక, ఆ దంపతుల వంక ఒక్కసారి చూసింది. బడి నడిపిన మనిషికి పిల్లల చాటు వ్యవహారాలు పోల్చుకోవడం ఎంతసేపు? కాగితం గుమాస్తా ముందు పెట్టింది.

"చదవండి."

"చదివినట్టుగా భావించి..."

"భావించొద్దు. చదవండి."

ఆ మండలి చరిత్రలో మూడో నంబరు దాటిన అంశం ఒకటి పైకి చదవడం అదే మొదలు. గుమాస్తా లేచి నిలబడ్డాడు. విషయం, సూచిక గడగడా చదివేశాడు. తర్వాత గొంతు నెమ్మదించింది.

"పై విన్నపాలను సకాలంలో పరిష్కరించకపోవుటకు పూర్తి బాధ్యత దిగువ సంతకం చేసినవానిదేనని అంగీకరించడమైనది. తమరు లేని కారణంగా ఇక్కడ దైనందిన కార్యక్రమాలన్నియు స్తంభించినవి. రెండవ కప్పును వాడకపోయిననూ ప్రతిదినం కడుగుట జరుగుచున్నది. తమరు మాట్లాడిన మాటలు అప్పట్లో నమోదు చేసుకొనబడలేదు. ప్రస్తుతం ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చుచున్నవి. కావున తమరు దయతో తిరిగి..." అక్కడ ఆయనకి అక్షరాలు కనిపించడం మానేశాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తిరిగి విచ్చేయవలసిందిగా ప్రార్థన. మంజూరు చేయకపోయిననూ, ఈ విన్నపం జీవితకాలం పరిశీలనలో ఉంచవలెనని మనవి."

చాలాసేపు ఎవరూ బల్ల చరవలేదు. బస్టాండు వార్డు సభ్యురాలు ముక్కు చీదుకుంది. అప్పుడు అభ్యంతరంగారు లేచాడు. బుగ్గలో దూది లేదు. పంచాయితీ మళ్లీ మొదటికొచ్చిందని అందరూ నిట్టూర్చారు. సొంత ఉత్తరానికి ఆఫీసు కాగితం, ఆఫీసు సీలు, మనిషి ఉద్యోగం ఊడగొట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

"అధ్యక్షా," అన్నాడాయన. కాస్త దగ్గాడు. "ఈ కాగితానికి ధ్రువీకరించిన నకలు ఒకటి నాకు ఇప్పించగలరా? మా ఇంట్లో కూడా... ఒక కిటికీ ఉంది."

"నాకూ ఒకటి" అన్నాడు చేపల మార్కెట్టు సభ్యుడు. మరో నలుగురు చేతులెత్తారు.

మేయరమ్మ గంట కొట్టి సభని సద్దుమణిగించింది. "అమ్మా, అంశం విన్నారు కదా. మీ అభ్యంతరం ఇంకా ఉందా?"

"ఉందండీ," అంది ఆవిడ. తెరిచి ఉన్న కిటికీ వైపు చూపించింది. "ఆ కిటికీ ఇక్కడ తెరిచారు. మా ఇంట్లో?"

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"అదే నా అభ్యంతరం."

"సమంజసం," అంది మేయరమ్మ. "గుమాస్తాగారికి ఈ పూట సెలవు. ఇంటి కిటికీ తన ఖర్చుతో, తన చేతుల్తో తెరవాలి. నడక కూడా సొంత ఖర్చే. తర్వాతి అంశం!"

సమావేశం ముగిసి జనం భోజనాలకి వెళ్లిపోయారు. గుమాస్తా, ఆయన భార్య ఆ బల్ల మీద కూర్చున్నారు. ఇంజనీరు అటుగా వెళ్తూ చూసి, ఇద్దరున్నారని లెక్క సరిచూసుకుని, సంతృప్తిగా తలాడించి వెళ్లాడు. చాలాసేపు ఇద్దరూ నది వంక చూస్తూ ఉన్నారు. పెట్టె ఆయన ఒళ్లోనే ఉంది, కింద పెట్టమన్నా పెట్టలేదు.

"ఆ రెండో కప్పు రోజూ ఎందుకు కడిగారండీ?" అంది ఆవిడ.

"దుమ్ము పడుతుందని."

"అలమారలో పెట్టి మూసేయొచ్చుగా."

ఆయన ఈసారి చూద్దాం అనలేదు.

"మూసేస్తే, నువ్వు ఇక రావని నేను ఒప్పుకున్నట్టవుతుందని."

ఆవిడ సంచీలోంచి తాళంచెవి తీసింది. ఆయన చేతిలో పెట్టడానికే తెచ్చింది. కాసేపు గుప్పిట్లో పట్టుకుని, మళ్లీ సంచీలోనే వేసుకుంది. "లేవండి. ఇంట్లో సుత్తి ఎక్కడుందో మీకు తెలీదు, నేనే వెతకాలి" అంది. తెలుసని ఆయన అనలేదు.

ఆ సాయంత్రం మినిట్స్ పుస్తకంలో చివరి వాక్యం మేయరమ్మ స్వదస్తూరీతో ఉంది: పాత సామగ్రి వేలం నిరవధికంగా వాయిదా వేయడమైనది.